పులికాట్ ఒడ్డున తొణకని చూపు

చెన్నై నుండి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు వచ్చిన రైలు కాళంగి నది చెంతనున్న సూళ్లూరుపేటలో ఆగుతుంది. చెంగాలమ్మ గుడి వెలసిన ఆ చిన్న పట్టణం దాటి, తూర్పుముఖంగా శ్రీహరికోట రోడ్డు పట్టిన ప్రయాణికునికి కొద్దిసేపటిలోనే ఒక వింత అనుభవం ఎదురవుతుంది. పొలాలు వెనుకబడతాయి. చెట్లు పలచబడతాయి. చివరకు నేల కూడా తరిగిపోయి, రోడ్డుకు ఇరుప్రక్కలా నీరు మాత్రమే మిగులుతుంది. నీటికీ ఆకాశానికీ మధ్య ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్లు ఒక సన్నని గీత. అదే దిగంతం.

ఇది పులికాట్ సరస్సు. ప్రళయ కావేరి అన్నది దీని పాత తెలుగు పేరు. ఉప్పునీరూ మంచినీరూ కలగలిసిన ఇటువంటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నాయి. కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెచ్చి పోస్తాయి. సముద్రపు పోటు ఉప్పునీరు తెచ్చి కలుపుతుంది. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి ఒక గోడవలె అడ్డంగా పడుకుని ఉంటుంది. సరస్సు విశాలమే కాని లోతైనది కాదు. చాలాచోట్ల నీరు నడుము దాటదు. ఆ లోతులేమియే దీని భాగ్యం. పొడుగు కాళ్ళ పక్షులకు ఇంతకు మించిన భోజనశాల దొరకదు.

చలికాలం వచ్చేసరికి వేలకొలది ఫ్లెమింగోలు ఇక్కడ దిగుతాయి. వీటిని మనవారు రాజహంసలని కూడా అంటారు. తల తలక్రిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి, అందులోని చిన్న రొయ్యజాతి జీవులనూ, నాచునూ తింటాయి. వాటి ఈకలలోని గులాబి రంగు ఆ ఆహారం నుండి వచ్చినదే. నీటిలో నిలుచున్నంతసేపూ పక్షి తెల్లగానే కనిపిస్తుంది. అసలు రంగు రెక్క విప్పినప్పుడే బయటపడుతుంది. అందుకే సూళ్లూరుపేట వచ్చినవారందరూ ఎదురుచూచేది ఒకే ఒక్క క్షణం కోసం. గాలికి ఎదురుగా నీటిమీద కొంత దూరం పరుగెత్తి, మంద మొత్తం ఒక్కసారిగా లేచే క్షణం అది. తెల్లని గుంపు అరనిమిషంలో ఎర్రని, నల్లని మేఘమైపోతుంది.

ఆ అరనిమిషం కోసమే నెల్లూరులో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు రెండు చలికాలాలు ఇక్కడికి వచ్చారు.

అక్కయ్య కోరిక

ఆయనకు ఒక అక్కగారున్నారు. చిన్నతనంలో తండ్రి ఉద్యోగరీత్యా ఆమె పదేళ్ళు ఈ సరస్సులోని ఒక తిప్ప మీద పెరిగారు. నీటి మధ్య మెరకగా తేలిన దిబ్బను ఈ ప్రాంతంలో తిప్ప అంటారు. పెళ్ళయి నెల్లూరు చేరిన తరువాత ఆమె మళ్ళీ అటు వెళ్ళడం పడనే లేదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, మంచం దిగడమే కష్టం. ఒకనాడు ఆమె తమ్ముని అడిగారు. "అబ్బయ్యా, ఆ పిట్టలు లేచేది ఒక్కసారి చూడాలని ఉందిరా. నీ కెమెరాలో పట్టుకొస్తావా?"

తమ్ముడు పట్టుకొచ్చారు. మంచి కెమెరా, 600 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు, వాటి క్రింద తక్కువ ధరకు కొన్న తేలికపాటి ట్రైపాడ్. మంద లేచింది. ఆయన లెన్సు త్రిప్పారు. ఇంటికి వచ్చి టెలివిజన్ తెరమీద చూపించారు. పక్షులు ఒకచోట నిలుస్తున్నాయి, ఒక్క ఉదుటున దూకుతున్నాయి, మళ్ళీ వెనక్కు జారుతున్నాయి. దిగంతం ఒకవైపు ఒరిగిపోయి, సరస్సులోని నీరంతా తెర అంచునుండి క్రిందికి కారిపోతుందేమో అన్నట్లున్నది. అక్కగారు పది సెకన్లు చూచి కళ్ళు మూసుకున్నారు. "తల తిరుగుతోందిరా తమ్ముడూ" అన్నారు. ఆమె నిష్ఠూరంగా అనలేదు. కాని ఆ మాట ఆయన మనసులో ముల్లువలె ఉండిపోయింది.

దోషం పక్షులది కాదు, కెమెరాది కూడా కాదు. 600 మిల్లీమీటర్ల లెన్సు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సర్‌పై, అడ్డంగా సుమారు మూడున్నర డిగ్రీల కోణాన్ని మాత్రమే చూస్తుంది. అరకిలోమీటరు దూరాన 30 మీటర్ల వెడల్పు గల కిటికీ అన్నమాట. అటువంటి కిటికీలో డిగ్రీలో పదోవంతు తొట్రుపాటు కూడా తెర వెడల్పులో 34వ వంతు గెంతుగా కనిపిస్తుంది. చేతికి తెలియని వణుకు కంటికి తెలుస్తుంది.

తేనెలో చెంచా

ఈ గెంతుకు మూలం ఘర్షణ. బరువైన బీరువాను జరిపిన వారందరికీ ఇది అనుభవమే. ఎంత నెట్టినా కదలదు. కదిలిందంటే ఒక్కసారిగా జరుగుతుంది. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న దానిని కదుపుతూ ఉండడానికి కావలసిన బలం కంటె ఎక్కువ. మామూలు ట్రైపాడ్ తల లోహంపై లోహం ఒరుసుకునే పద్ధతిలో పని చేస్తుంది కనుక, కెమెరాను త్రిప్పడం మొదలుపెట్టిన ప్రతిసారీ ఈ బీరువా కథే పునరావృతమవుతుంది.

తేనె సీసాలో చెంచా త్రిప్పి చూడండి. మెల్లగా త్రిప్పితే మెల్లగా తిరుగుతుంది. తొందరపడితే తేనె ఎదురు తిరుగుతుంది. వేగం పెరిగిన కొద్దీ నిరోధం పెరగడం చిక్కని ద్రవాల స్వభావం. కెమెరా తలలో కదిలే పలకల మధ్య ఇటువంటి చిక్కని ద్రవాన్ని నింపితే, చేతి వణుకులోని ఆకస్మిక వేగాన్ని అది మింగివేస్తుంది; నిదానమైన కదలికను మాత్రం సాగనిస్తుంది. దీనినే ఫ్లూయిడ్ హెడ్ అంటారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఎరిక్ మిల్లర్ 1946లో ఇటువంటి సాధనానికి పేటెంటు పొందారు.

అమెరికాలో ఇదే బాట పట్టిన చాడ్వెల్ ఓకానర్ కథ మరింత ముచ్చటైనది. ఆయన ఇంజనీరు, ఆవిరి రైళ్ళంటే ప్రాణం. దక్షిణ కాలిఫోర్నియాలో పరుగుతీసే ఇంజన్లను సినిమా తీయబోతే చిత్రం కుదుపులమయమయ్యేది. ఆ బాధ పడలేక ద్రవంతో పని చేసే తలను తానే తయారు చేసుకున్నారు. 1950 ప్రాంతంలో గ్లెండేల్ స్టేషనులో ఆయన రైలును చిత్రీకరిస్తూ ఉండగా, రైళ్ళ మీద అంతే మక్కువగల మరొక పెద్దమనిషి దగ్గరకు వచ్చి ఆ పరికరమేమిటని విచారించాడు. ఆ పెద్దమనిషి వాల్ట్ డిస్నీ. అడవి జంతువుల చిత్రాలు తీస్తున్న తన ఛాయాగ్రాహకుల కోసం ఆయన అటువంటివి చేయించుకున్నారు. ఈ పరికరానికి గాను ఓకానర్‌ను అమెరికన్ చలనచిత్ర అకాడమీ 1975, 1992 సంవత్సరాల సాంకేతిక పురస్కారాలతో గౌరవించింది. రైలును పట్టుకోవడానికి పుట్టిన పరికరం పక్షిని పట్టుకోవడానికి కూడా అక్కరకు వచ్చింది.

కోడంబాకంలో పాఠం

తెలుగు చిత్రసీమ ఒకప్పుడు చెన్నైలోని కోడంబాకం పరిసరాలలోనే నివసించేది. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా, దానితో తరలిపోని మనుషులు అక్కడ ఇంకా ఉన్నారు. కెమెరా సామగ్రి అద్దెకిచ్చే ఒక ఇరుకు గదిలో ఉపాధ్యాయునికి అటువంటి ముదుసలి ఒకరు తటస్థపడ్డారు. యౌవనంలో కెమెరా సహాయకుడుగా పనిచేసిన ఆయన, వచ్చినవారి మాట పూర్తిగా విని, ముందు తూకపు యంత్రం తెప్పించారు.

"మాస్టారూ, ఏ తల కొనాలని అడుగుతున్నారు. మీ కెమెరా ఎంత బరువో చెప్పగలరా?" అని ప్రశ్నించారు. కెమెరా, లెన్సు, బ్యాటరీ, పట్టుపలక కలిపి తూచితే మూడు కిలోలకు కొంచెం పైన వచ్చింది. తలను ఎన్నుకోవలసింది ఆ బరువును బట్టి. బలమైన తల కొంటే ఎప్పటికైనా పనికి వస్తుందనుకోవడం పొరపాటని ఆయన విశదీకరించారు. కెమెరాను ముందుకు వంచినప్పుడు దాని బరువే దానిని క్రిందికి లాగుతుంది. ఆ లాగుడుకు సరితూగే స్ప్రింగు తలలో అమర్చి ఉంటుంది. బరువుకు స్ప్రింగు చాలకపోతే కెమెరా ముందుకు వాలిపోతుంది. స్ప్రింగు మరీ బలమైనదైతే కెమెరాను వెనక్కు లేపుతుంది. ఏ కోణంలో వంచి చేయి వదిలినా అక్కడే నిలిచే తల సరైన తల.

వరుసగా నాలుగు తలలు బిగించి చూపించారు. ఒకదానిపై "ఫ్లూయిడ్" అన్న మాట పెద్ద అక్షరాలతో చెక్కి ఉన్నది. చేతికడ్డీకి ఒక రబ్బరు బ్యాండు తగిలించి, దానిని వ్రేలితో లాగమన్నారు. బ్యాండు సాగింది, సాగింది, తల కదలలేదు. ఆ పైన ఒక్కసారిగా ఎగిరింది. "లోపల ఉన్నది గ్రీజు పూసిన రాపిడే. పేరు మాత్రమే ఫ్లూయిడ్" అని ఆ తలను ప్రక్కకు నెట్టారు. మూడవ తలలో బ్యాండు కొద్దిగా సాగగానే కెమెరా బయలుదేరింది. ఎప్పుడు బయలుదేరిందో కంటికి తెలియలేదు. అదే రబ్బరు బ్యాండును చిత్రీకరణలో కూడా వాడుకోవచ్చనీ, చేతి బిగువు నేరుగా కెమెరాకు సోకకుండా అది కాపాడుతుందనీ చెప్పారు.

మొదలు చూచిన తరువాత చివర చూడాలి. త్రిప్పి ఆపి చేయి వదిలినప్పుడు చిత్రం వెంట్రుకవాసి కూడా వెనక్కు రాకూడదు. వస్తే దోషం ఒక్కొక్కసారి తలది కాదు, కాళ్ళది. సన్నని కాళ్ళు మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటాయి. అందుకే జంట గొట్టాల కాళ్ళు శ్రేష్ఠం. ఆ కాళ్ళను నడుమ కలిపి పట్టే బిగింపు కూడా ఉండాలి. కాళ్ళపైన 75 మిల్లీమీటర్ల గిన్నె ఉన్నది ఎన్నుకోమన్నారు. తల అడుగుభాగం అరగోళం వలె ఆ గిన్నెలో కూర్చుంటుంది. కాళ్ళను పొడిగించి, కుదించి అవస్థపడకుండా, క్రింది పిడి వదులు చేసి బుడగ నడిమికి వచ్చేలా సర్దితే చాలు, తల సమతలమవుతుంది.

"కొండల్లో చిత్రం తీసేవాడు రెండు డిగ్రీలు ఒరిగినా చెల్లుతుంది. మీరు వెళ్ళేది పులికాట్‌కు. అక్కడ దేవుడు గీత గీసి పెట్టాడు. ఒరిగితే పసిపిల్లవాడు కూడా పట్టేస్తాడు" అన్నారా వృద్ధుడు.

చేతిలో పట్టుకుని త్రిప్పే గింబల్ ఉండగా ఇంత బరువెందుకని ఉపాధ్యాయుడు సందేహం వెలిబుచ్చారు. నడుస్తూ తీసేవారికి అది మంచిదే. కాని మూడు కిలోల బరువును ఒక గంటసేపు పక్షి లేచేదాకా చేతులలో మోయడం ఎవరి తరం? వాడిన సామాను అయినా మేలురకమైన ఆ మూడవ తలనూ, దాని కాళ్ళనూ కొని ఉపాధ్యాయుడు సెలవు తీసుకున్నారు. గుమ్మం దాకా సాగనంపుతూ పెద్దాయన చివరి మాట చెప్పారు. "పక్షి వెంట పరుగెత్తకండి మాస్టారూ. కొంతదూరం వెళ్ళాక దానిని వదిలెయ్యండి. చట్రం నుండి పోనివ్వండి. మీరు మాత్రం ఆగిన చోట పదంకెలు లెక్కపెట్టి నిలబడండి."

మళ్ళీ తిప్పల నడుమ

మరుసటి జనవరిలో ఆయన వచ్చినప్పుడు సరస్సు మీద ఇంకా మంచు విడలేదు. రోడ్డు వంతెనల మీద వలలు ఆరవేసి ఉన్నాయి. ఒడ్డున పడవకు తారు పూస్తున్న యువకుడు ఆయనను గుర్తుపట్టాడు.

"ఏంది అయివారూ, పోయినేడు మాదిరే మళ్ళా వచ్చుండారే! ఈతూరి కాళ్ళు లావుగా ఉండాయి."

"ఉండాలి గదా అబ్బీ. పోయినేడు వణికినయ్యి" అన్నారాయన.

"రాకెట్టు కూడా తీస్తారా?"

ఆ ప్రశ్నలో విశేషమేమీ లేదు. ఈ సరస్సు ఒడ్డున పుట్టిన పిల్లలకు పక్షి, రాకెట్టు రెండూ ఇరుగుపొరుగులే. 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న పరిశోధక రాకెట్టు శ్రీహరికోట నుండి లేచింది. నేటి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం కథ అక్కడ మొదలయింది. 2019 నుండి ప్రజలు కూర్చుని ప్రయోగాలు చూడడానికి అక్కడ ఒక ప్రాంగణం కూడా ఉన్నది. సరస్సుకు ఇవతల, 17 కిలోమీటర్ల దూరాన నిలిచిన వానికి ముందు మౌనంగా ఒక నిప్పు లేస్తుంది. దాని ఉరుము చేరేసరికి 50 సెకన్లు గడుస్తాయి. రాకెట్టు మొదట బద్ధకంగా కదిలి క్షణక్షణానికీ వేగం పుంజుకుంటుంది. కెమెరా కూడా అలాగే లేవాలి. ఫ్లెమింగోలది అడ్డపు ప్రయాణం, రాకెట్టుది నిలువు ప్రయాణం. రెండింటికీ కావలసిన నిదానం ఒకటే.

గట్టు దిగి, బురద మొదలయ్యే చోట ఆయన కాళ్ళు పాతారు. రబ్బరు పాదాలు తొలగించి ఇనుప మేకులు దింపారు. కాళ్ళను పొట్టిగానే ఉంచి, గాలికి ఊగకుండా నడుమ ఒక బరువైన సంచి వ్రేలాడదీశారు. గిన్నె క్రింది పిడి వదులు చేసి బుడగను నడిమికి తెచ్చారు. కెమెరాను దిగంతం మీద ఈ కొస నుండి ఆ కొసకు ఒకసారి త్రిప్పి చూశారు. గీత చెదరలేదు. లెన్సులోని వణుకు నివారించే యంత్రాంగాన్ని ఆపివేశారు. కావాలని త్రిప్పే కదలికను కూడా అది వణుకని భ్రమపడి వెనక్కు లాగుతుంది.

తరువాత నిరీక్షణ. మంచు తొలగింది. నీటిలో ఒక తెల్లని గీత కనిపించి, క్రమంగా కాళ్ళుగా, మెడలుగా విడిపడింది. వేలకొలది పక్షుల గొణుగుడు దూరపు సంతలా వినవచ్చింది. దగ్గరకు పోదామా అని పడవ కుర్రవాడు అడిగాడు. ఆయన వద్దన్నారు. పక్షిని బెదిరించి లేపిన చిత్రం ఆయనకు అక్కరలేదు. ఒక గంట గడిచింది. ఉత్తరపు గాలి మొదలయింది.

ఏ కారణమో తెలియదు, మంద ఒక అంచు నుండి కదిలింది. కొన్ని పక్షులు గాలికి ఎదురుగా పరుగందుకున్నాయి. వాటి పాదాల వెనుక నీరు చిమ్మింది. ఆయన వ్రేలు రబ్బరు బ్యాండును లాగింది. కెమెరా బయలుదేరింది. రెక్కలు విప్పుకున్నాయి. నల్లని అంచుల మధ్య ఎరుపు చిక్కబడింది. మంద ఎడమ నుండి కుడికి సాగి, నీటి మీద తన నీడను ఈడ్చుకుంటూ, తిప్పల మీదుగా పైకి లేచింది. ఆయన వెంట వెళ్ళారు, కొంతదూరం. తరువాత పెద్దాయన మాట గుర్తు వచ్చి, మనసు పీకుతున్నా వ్రేలు వదిలారు. కెమెరా మెత్తగా నిలిచింది. పక్షులు ఒక్కొక్కటే చట్రం దాటిపోయాయి. ఖాళీ నీటి మీద, ఖాళీ ఆకాశం క్రింద ఆయన పదంకెలు లెక్కపెట్టారు.

తిరిగి వచ్చి, ఉప్పు పట్టిన కాళ్ళను మంచినీళ్ళతో కడిగి తుడిచారు. ఉప్పు లోహానికి శత్రువు.

ఆగిన చోట

ఆ రాత్రి నెల్లూరులో అక్కగారి మంచం ఎదుట తెర వెలిగింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. పక్షులు పరుగెత్తాయి, లేచాయి, సాగిపోయాయి. ఆమె పెదవులు కదిలాయి కాని మాట రాలేదు. మంద వెళ్ళిపోయింది. తెరమీద నీరు మాత్రమే మిగిలింది. చిత్రం అయిపోయిందనుకుని తమ్ముడు ఆపబోయారు.

"ఉండరా!" అన్నారామె.

దిగంతపు గీత మీద, కుడివైపు అంచున, చిన్న తిప్ప ఒకటి ఉన్నది. దానిమీద తాటిచెట్లు ఒక వరుసగా, వాటిలో ఒకటి మిగిలినవాటికి దూరంగా, కొంచెం వంగి. ఆ పది సెకన్లలోనూ అది కదలలేదు, ఒరగలేదు. ఆయన దానిని తీయాలని తీయలేదు. వ్రేలు వదిలినచోట అది ఉన్నది, అంతే.

"వంగిన ఆ తాడిచెట్టు క్రిందనేరా మన నాయన పడవ కట్టేది" అని ఆమె తెరవైపు చేయి చాపారు.

తమ్ముడు చిత్రాన్ని వెనక్కు త్రిప్పారు. పక్షులను దాటించి, సరిగ్గా ఆ పది సెకన్ల దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు.